ఆంటీ చూసుకున్న నక్షత్రం

పక్కింటి ఆంటీ పోయారు. ఈ మాట రాస్తుంటే అబద్ధం రాస్తున్నట్టే ఉంది. మంగళవారం పొద్దున్నే వాళ్ళబ్బాయి మా తలుపు కొట్టి, "అక్కా, అమ్మ లేవట్లేదు" అన్నాడు. అంబులెన్స్ వాళ్ళు వచ్చి నిద్రలోనే ప్రాణం పోయిందన్నారు. పోవడమేమిటి? ఆదివారమేగా నా కారులో నా పక్కన కూర్చుని, "మెల్లిగా పోనీవే, కంగారూలు అడ్డొస్తాయి" అని దారి పొడవునా నన్ను సతాయించారు!

సిడ్నీ నుంచి కూనబరాబ్రన్ వెళ్ళొచ్చాం. జనం నక్షత్రాలు చూడ్డానికి వెళ్ళే చిన్న ఊరు, పక్కనే వారంబంగల్ కొండలు. వెళ్దామన్నది ఆవిడే. నాకైతే వీకెండంతా పడుకోవాలని ఉంది.

ఆంటీకి ఏదైనా కళ్ళారా చూస్తేగానీ నమ్మకం కుదరదు. షాపులో బ్రెడ్డు నొక్కి చూస్తారు, నేను వండిన పప్పు గరిటెతో తిరగేసి చూస్తారు. "చూడకుండా ఎలా చెప్తామే?" అనేవారు. నాకు చిర్రెత్తేది. నాకు జ్వరమొస్తే చారన్నం కలిపి ఫెన్స్ మీదుగా అందించిందీ ఆవిడే. ఈ దేశంలో నన్ను తిట్టే హక్కు ఆవిడొక్కరికే ఇచ్చాను.

చలికాలం కదా, టీ వేళకే చీకటి పడింది. పొలంలో టెలిస్కోపు పెట్టుకున్న పెద్దాయన, ఎవరికేం చూడాలనుందని అడిగాడు. ఆంటీ నా చెయ్యి గిల్లి, "జ్యేష్ఠ చూపించమనవే" అన్నారు. ఫోన్లో వెతికితే ఇంగ్లీషులో అంటారీస్ అని వచ్చింది.

"మీది అనూరాధ కదా ఆంటీ?" గుళ్ళో అర్చనకి ఎన్నిసార్లు ఆవిడ పక్కన నిలబడలేదూ!

"అది నా పెళ్ళి కోసం మా నాన్న మార్చింది. జ్యేష్ఠలో పుట్టిన పిల్ల కోడలిగా వస్తే బావగారికి ప్రాణగండవఁట. ఇంకెవరు చేసుకుంటారు? మీ అంకుల్ పోయేదాకా ఆయనక్కూడా చెప్పలేదే."

టెలిస్కోపులోకి వంగి ఎంతసేపటికీ లేవలేదు. వెనకవాళ్ళు దగ్గడం మొదలుపెట్టారు. "ఎంత ఎర్రగా ఉందే! ఇంత అందమైనదాన్నా దాచిపెట్టారు?" అన్నారు.

మర్నాడు కొండదారిలో ఓ రాతి మీద కూర్చుని పులిహోర డబ్బా మూత తీస్తూ, "శనివారం గుడికి తీసుకెళ్ళు. ఈసారి జ్యేష్ఠ అనే చెప్తాను. ఒక్కసారైనా నాది నేను చెప్పుకోవాలిగా" అన్నారు. సరే, ముందు నీళ్ళు తాగండి అన్నాను.

శనివారం ఆవిడ అంత్యక్రియలకి వెళ్ళాను. ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను. ఫ్యూనరల్ హాల్లో పంతులుగారు గోత్రం, నక్షత్రం అడిగారు. "అనూరాధ" అన్నాడు వాళ్ళబ్బాయి. పాపం, వాడికి తెలిసిందదే.

"కాదు, జ్యేష్ఠ" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. బల్ల మీది లాప్‌టాప్‌లో, రాజమండ్రి నుంచి వీడియో కాల్‌లో, ఆంటీ బావగారు, అంటే అంకుల్ అన్నగారు, మరదల్ని తలుచుకుని ఏడుస్తున్నారు. తొంభై దాటిన మనిషి. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, తెరకి దగ్గరగా జరిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"ఏ నక్షత్రవన్నావమ్మా? వినపళ్ళేదు, గట్టిగా చెప్పు."