మిరప కల్లంలో నా బగ్గీ వీరవిహారం

సగం ఊరు ఒక్కసారిగా తుమ్మితే ఎలా ఉంటుందో మీరెప్పుడైనా విన్నారా? నేను విన్నాను. వినడమేమిటి, దగ్గరుండి నేనే తుమ్మించాను. నవ్వండి, ఫరవాలేదు. అప్పటి నన్ను తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది. కాకపోతే కళ్ళనీళ్ళతో కలిపి వస్తుంది.

అప్పట్లో నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి, తిరువూరులో మా నాన్న ఎరువుల కొట్లో కూర్చునేవాణ్ణి. కూర్చోవడమంటే నిజంగా కూర్చోవడమే. బస్తాలు మోసేది వేరేవాళ్ళు, బేరాలాడేది నాన్న. నా ధ్యాసంతా కౌంటరు కింద దాచుకున్న రిమోట్ బగ్గీ మీద. కోడిపుంజంత బండి. ముళ్ళలాంటి పళ్ళున్న లావు టైర్లు, గతుకుల్లో ఎగిరి దూకడానికి స్ప్రింగులు. కొన్నది కొన్నట్టు నడుపుకుని ఉంటే ఈ కథే లేదు. కోతికి కొబ్బరికాయ దొరికితేనే జనం తట్టుకోలేరు. ఈ కోతి చేతిలో స్క్రూడ్రైవరు కూడా ఉంది.

ఉన్న మోటారు పీకేసి అంతకు రెట్టింపు బలమున్నది బిగించాను. బ్యాటరీ తీసి పెద్దది పెట్టాను. దాంతో రిమోటు మీది ట్రిగ్గరు నొక్కగానే బగ్గీ ముందు చక్రాలెత్తి, పలుపు తెంచుకున్న కోడెదూడలా లేచేది. నేను మురిసిపోయేవాణ్ణి.

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం, ఓపిక పట్టండి. రిమోటుకీ బండికీ మధ్య సిగ్నల్ తెగిపోతే బండి దానంతటదే ఆగిపోవడానికి ఒక సెట్టింగు ఉంటుంది. అది చేసేటప్పుడు ట్రిగ్గరు మీద వేలుండకూడదు. ఎలా చేయాలో చూపే వీడియోలో ఆ మాట చెబుతుండగా నేను ముందుకు జరిపేశాను. ట్రిగ్గరును గొంతు పిసికినట్టు నొక్కిపట్టి మరీ సెట్ చేశాను. అంటే బండికి నేనిచ్చిన ఉపదేశం ఇది: "నాయనా, నా మాట వినపడకపోతే ఇక ఆగకు. ఉన్న శక్తినంతా కూడగట్టుకుని పరిగెత్తు."

మా బాబాయ్‌ది పెనుగొలను. మిరప రైతు. నోటి నిండా కూడా అదే పంట.

"ఏరా, ఇంజనీరింగ్ చదివి బొమ్మకార్లాడుకుంటున్నావంటగా?" అన్నాడు ఫోన్లో.

"బొమ్మ కాదు బాబాయ్, బగ్గీ. ఆదివారం తెస్తా, చూద్దువుగాని."

"ఆదివారం వద్దురా. మిర్చి చూడ్డానికి వ్యాపారి వస్తన్నాడు."

"అయితే మరీ మంచిది. ఆయన కూడా చూస్తాడు."

వద్దన్న మాటను రమ్మన్నట్టు వినగలగడం నాకు అబ్బిన ఏకైక విద్య.

వెళ్ళేసరికి కల్లంలో పట్టాల మీద మిరపకాయలు ఎర్రగా ఆరి గలగలలాడుతున్నాయి. బాబాయ్ ఏడాది కష్టమంతా అక్కడే పరుచుకుని ఉంది. ఓ పక్క నాగమణి అనే కూలీ ఆవిడ, మరికొందరు ఆడవాళ్ళు రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వ్యాపారి తెల్లచొక్కా, తెల్లప్యాంటుతో మల్లెపువ్వులా ఉన్నాడు.

"ఘాటు చూడండి. నాలిక మీద పెడితే మాడు అదురుద్ది," అంటున్నాడు బాబాయ్.

"అందరూ అదే అంటారండి," అని ఆవులించాడు వ్యాపారి.

నేను పక్కనే దున్ని వదిలేసిన పత్తి చేలోకి బగ్గీని వదిలాను. బెడ్డల మీద ఎగిరింది, గట్టు దూకింది. వ్యాపారి ఇటు తిరిగాడు.

"ఏంటండి అది?"

"మా అన్న కొడుకండి."

"అదికాదండి, ఆ బండి."

ఆయన చూస్తున్నాడు కదా అని నా ఛాతీ పొంగింది. బగ్గీని చేను చివరిదాకా తోలాను. రిమోటులో ఉన్నవేమో మా ఇంట్లో టీవీ రిమోటులోంచి పీకిన ముసలి సెల్స్. అవి అక్కడే ప్రాణం విడిచాయి. సిగ్నల్ తెగింది. బగ్గీకి నా ఉపదేశం గుర్తొచ్చింది. పెద్ద బెడ్డ తగిలి గిరుక్కున తిరిగి, నేరుగా కల్లం వైపు దూసుకొచ్చింది.

"ఆపరా!" అని అరిచాడు బాబాయ్.

"ఆగట్లేదు బాబాయ్!"

"మరి నీ చేతిలో ఉందేంటి?"

"రిమోటు!"

"నొక్కు!"

"నొక్కితే ఉరుకుద్ది బాబాయ్!"

"అయితే వదులెహె!"

"వదిలేసే ఉన్నా!"

బగ్గీ మిరపకాయల్లోకి దిగబడింది. ఆ ముళ్ళ టైర్లు అక్కడే గిర్రున తిరుగుతూ నాలుగు చక్రాల మిక్సీ అయిపోయాయి. ఎర్రటి మేఘం లేచింది. మొదట వ్యాపారి తుమ్మాడు. "ఏంటండి... హాచ్... ఇదండి... హాచ్!" పాపం, తుమ్ములో కూడా మర్యాద తప్పలేదు. తర్వాత ఆడవాళ్ళు, ఆ తర్వాత గేదెలు. రోడ్డు మీద గంపలగూడెం వెళ్ళే షేర్ ఆటో ఆగి, డ్రైవరుతో సహా అందరూ దిగి తుమ్మి, మళ్ళీ ఎక్కి వెళ్ళారు. చివరికి బగ్గీ టైర్లకు పట్టు దొరికి, పక్కనున్న నీళ్ళ డ్రమ్మును గుద్దుకుని, మిరపకాయల నిండా ముక్కలుముక్కలుగా చెదిరిపోయింది.

మేఘం విడిపోయేసరికి మల్లెపువ్వు కాస్తా మందారమైంది. వ్యాపారి కళ్ళు తుడుచుకుని, "ఘాటు ఒప్పుకున్నానండి," అన్నాడు.

బాబాయ్ మొహం వెలిగింది. ఆ వెలుగు ఎంతోసేపు లేదు. వ్యాపారి కుప్పలో చెయ్యిపెట్టి ఓ టైరు పైకి తీశాడు.

"తాలుకాయలు ఏరిస్తారని తెలుసుగాని, టైర్లు కూడా ఏరించాలాండి? సాయంత్రం వస్తాను. ఒక్క ప్లాస్టిక్ ముక్క కనపడినా మీ సరుకు నాకొద్దు."

బాబాయ్ నావైపు చూశాడు. తిట్టలేదు. దానికే నాకు భయం వేసింది. "కూర్చో. ఏరు," అన్నాడంతే.

ఈ సరుకు పోతే ఆయన ఏడాది పోయినట్టే. నాగమణి పక్కన చతికిలబడ్డాను. అప్పుడు తెలిసింది నా ఇంకో ఘనకార్యం. బగ్గీ ఒళ్ళంతా నేనే ముచ్చటపడి ఎర్రరంగు వేశాను. సరిగ్గా మిరపపండు ఎరుపు.

"ఏం చదివారు బాబూ?" అంది నాగమణి.

"ఎలక్ట్రానిక్స్."

"అందుకేనేమో. చేతిలో ఉంది మిరపకాయ బాబూ, పారేయమాకండి. ముక్క మీ మోకాలి కింద ఉంది."

పొద్దు వాలేదాకా ఏరాం. వ్యాపారి వచ్చి, కుప్పంతా తిరగేసి, తలూపి సరుకు తీసుకున్నాడు. బాబాయ్ ఊపిరి వదిలి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఒట్టెయ్యరా. ఇంకెప్పుడూ నా కల్లం ఛాయలకి అలాంటి బండి తేనని ఒట్టెయ్యి."

నాకు నిజంగానే గుండె కరిగింది. పూటంతా మిరపకాయలు పిసికిన రెండు చేతుల్నీ భక్తిగా కళ్ళకు అద్దుకుని, "నా కళ్ళ మీద ఒట్టు బాబాయ్!" అన్నాను.

"అయ్యో బాబూ, చేతులు..." అని నాగమణి అనే లోపు నేను నీళ్ళ డ్రమ్ములో ఉన్నాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను మిరప తొక్కించి కళ్ళు కడుక్కున్నవాణ్ణి. కాబట్టి అయ్యలారా అమ్మలారా, మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: కనుచూపు మేరలో మిరపకాయ ఉండగా ఇక ఈ జన్మలో ట్రిగ్గరు నొక్కను. ఈసారి తల మీద ఒట్టు. అందులో మండడానికేమీ లేదని బాబాయ్ ఎప్పుడో తేల్చేశాడు.