ఆవిడ ఇప్పుడెక్కడుంది?

మన భాషలో ఓడ వచ్చినా 'వచ్చింది' అంటాం, ఆడమనిషి వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. వచ్చిందెవరో చెప్పకుండా ఎంతసేపైనా కబుర్లు చెప్పుకోవచ్చు. ఆ సౌకర్యం మా ఇంట్లో ఏం చేసిందో చెబుతాను.

సింగపూర్‌లోని సెరంగూన్‌లో మా ఫ్లాట్‌లోకి మధ్యాహ్నం ఎండ రాదు, వెలుగు మాత్రం వస్తుంది. వాన పడి వెలిశాక హాలంతా నీళ్ళ అడుగున ఉన్నంత పచ్చగా, మెత్తగా ఉంటుంది. అలాంటప్పుడు మా అత్తగారు దివాన్ మీద కళ్ళు మూసుకుని పడుకుంటారు. అది నిద్రో కాదో ఆవిడకే తెలియాలి.

మా అమ్మాయికి స్కూల్లో, ఒకప్పుడు ఇక్కడి రేవుకి వచ్చిన ఓడ గురించి రాయమన్నారు. ఎక్కడ పట్టుకుందో, వందేళ్ళ కిందటి ఇంగ్లీషువాళ్ళ యుద్ధనౌకని పట్టుకుంది. పెద్ద ఓడల ముందు వేగంగా తిరుగుతూ శత్రువు జాడ కనిపెట్టే రకం, క్రూయిజర్ అంటారట. అది ఇంగ్లీషులో చదవాలి, నేను తెలుగులో చెప్పాలి. పిల్లకి తెలుగు పోకుండా ఉండాలని నా తాపత్రయం.

"స్కాట్లండ్‌లో పుట్టింది. కొత్తలోనే చైనా వైపు పంపించేశారు," అన్నాను.

దివాన్ మీంచి, కళ్ళు తెరవకుండానే, "ఎవర్నే? పెళ్ళి చేసేనా?" అన్నారు అత్తగారు.

మా అమ్మాయి విరగబడి నవ్వింది. "షిప్ లా, నానమ్మా," అంది, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి పిల్లల యాసలో.

"ఓడైతే మాత్రం? పంపించేశారంటున్నారుగా." ఆవిడ ఇటు తిరిగి పడుకున్నారు.

అప్పట్నుంచి మధ్యాహ్నాలకి ఓ పని దొరికింది. ఆవిడ ఓడని 'ఆవిడ' అనే అన్నారు, మేమూ సరిదిద్దడం మానేశాం. జర్మన్ ఓడ కోసం హిందూ మహాసముద్రమంతా గాలించిందంటే, "ఆవిడకి తిండో?" అని అడిగారు. బొగ్గు కోసం సింగపూర్ వచ్చిపోతుండేదని చెబితే, "అయితే ఈ ఊరు తెలుసన్నమాట," అని సంతోషించారు. తర్వాత ఆఫ్రికా, ఆ తర్వాత ఇంగ్లండ్ పక్కన మంచు సముద్రం. ముందు భాగం మీద చెక్కలతో వేదిక కట్టి దాని మీంచి విమానాన్ని ఎగరేశారని చదివినప్పుడు మాత్రం లేచి కూర్చున్నారు. "ఉన్న చాకిరీ చాలక నెత్తిమీద అది కూడా పెట్టేరా?"

ఒక ఆదివారం ఈస్ట్ కోస్ట్ బీచికి వెళ్ళాం. ఎంత దూరం చూసినా ఓడలే, కదలకుండా, ఆకాశంలో ఆరేసినట్టు. నీళ్ళెక్కడ ఆగాయో, మబ్బెక్కడ మొదలైందో తెలియలేదు. అత్తగారు కొంగు తల మీద కప్పుకుని చాలాసేపు చూసి, "ఇప్పుడెక్కడుంది ఆవిడ?" అన్నారు. ఇంకా అంతవరకు చదవలేదన్నాను. నిజంగానే చదవలేదు.

అత్తగారిది వంతుల కాపురం. ఆరు నెలలు మా దగ్గర, ఆరు నెలలు దోహాలో బావగారి దగ్గర. చాలా ఏళ్ళ కిందట, మామగారు చనిపోయినప్పుడు అన్నదమ్ములిద్దరూ ఫోన్లోనే అనుకుని పెట్టుకున్న పద్ధతి. ఎక్కడా ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు, ప్రేమగానే చూసుకున్నాం. ఇక్కడ ఉండనిచ్చే పాసు పొడిగించుకునే వీలున్నా వంతు వంతే. అందుకే ఆవిడ సూట్‌కేసు ఎప్పుడూ అటకెక్కలేదు, మంచం పక్కనే ఉండేది. ఈ నెలాఖరుకి మళ్ళీ దోహా. టికెట్టు చూడమని ఆ వారమే మావారికి చెప్పాను.

ఆఖరి పేజీ వచ్చింది. యుద్ధం అయిపోయాక కొన్నాళ్ళు సైనికుల్ని అటూ ఇటూ చేరేసిందట. తర్వాత మనుషుల్ని దించేసి, ఒక రేవులో పాత ఓడల పక్కన కట్టేశారట. తర్వాత ఏముందో నాకు కనబడుతూనే ఉంది. "ఇంక విశ్రాంతి ఇచ్చారు," అని ముగించబోయాను.

"నో లా అమ్మా. అమ్మేశారు. ముక్కలు చేశారు," అంది మా అమ్మాయి. దానికి ప్రాజెక్టులో మార్కులు కావాలి.

అత్తగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. నిద్రపోయారేమోనని ఆశపడ్డాను.

"ఇన్ని చోట్లకి పంపించేరు కదా," అన్నారు అత్తగారు పైకప్పు కేసి చూస్తూ. "ఎప్పుడైనా ఒక్కసారి ఆవిణ్ణి అడిగేరా?"

"ఓడని ఎవరడుగుతారు నానమ్మా?" అని నవ్వి, పిల్ల ప్రింటు తీసుకోడానికి లోపలికి పోయింది.

నాకు నవ్వు రాలేదు. ఈవిడ ఇన్నాళ్ళూ ఓడ కథ వింటున్నారనుకున్నాను. వెళ్ళి దివాన్ చివర కూర్చుని ఆవిడ పాదం మీద చెయ్యి వేశాను. ఏసీ లేకపోయినా చల్లగా ఉంది. ఏళ్ళ తరబడి నోటికి రాని మాట అప్పుడు అడిగాను.

"అత్తయ్యా, మీకు ఎక్కడ ఉండాలనుంది?"

ఆవిడ కిటికీ కేసి తిరిగారు. కిటికీ అవతల మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. అడక్కూడనిది అడిగానేమోనని నాకు భయం వేసింది.

"ముందా పెట్టె అటకెక్కించమ్మా," అన్నారు కళ్ళు మూసుకుని. "రాత్రుళ్ళు లేస్తే కాలికి తగులుతోంది."