రేడియోకి రెస్టు

మా ఇంట్లో అలసిపోయే హక్కు ఒక్క రేడియోకే ఉండేది. పొద్దున్నే లేచి పొయ్యి రాజేసి, వీధి పంపు నుంచి బిందెలతో నీళ్ళు మోసి, ఆడపిల్లలందరికీ జడలు వేసి, మధ్యాహ్నం దాకా వంటింట్లో ఉడికిపోయే అమ్మ అలసిపోకూడదు. రేడియో మాత్రం అరగంట మోగితే పావుగంట పడుకోవాలి. అది నాన్న పెట్టిన చట్టం.

డెబ్బైల్లో తిరువూరులో మా సందు మొత్తానికీ రేడియో మాదొక్కటే. వాల్వు రేడియో. బళ్ళో మాస్టారుగా పనిచేసే నాన్న దాన్ని విజయవాడలో కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అమ్మిన షాపాయన "మరీ వేడెక్కనివ్వకండి మాస్టారూ, మధ్యమధ్యలో ఆపుతుండండి" అన్నాడట. ఆ మాత్రం మాటకి నాన్న ఇంటికొచ్చి గంటలూ నిమిషాలూ చేర్చాడు. రేడియో పక్కనే అలారం గడియారం పెట్టాడు. టైమైందంటే వార్తలు చదివేవాళ్ళ మాట నోట్లో ఉండగానే చెవి మెలేసినట్టు మర తిప్పేసేవాడు. ఎండాకాలమైతే విసనకర్ర తీసుకుని దాని వెనక అట్టకి విసిరేవాడు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసింది అమ్మే. నాన్న చెయ్యి ఎప్పుడూ రేడియో నెత్తిన ఉండేది.

"మనిషికైనా మిషనుకైనా రెస్టనేది ఉండాలి" అని వచ్చినవాళ్ళకి పాఠం చెప్పేవాడు. ఆ మాట అంటున్నప్పుడు పెరటి గుమ్మంలో అమ్మ పప్పు రుబ్బుతూ ఉండేది. రుబ్బురోలు చప్పుడుకి మాట సరిగ్గా వినపడక నాన్న ఆవిణ్ణే విసుక్కునేవాడు. ఆ రూలు అసలు నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

అమ్మ పుట్టిల్లు రెడ్డిగూడెం దగ్గర. మా అమ్మమ్మ నాట్లకు వెళ్ళేది. ఆవిడ వెనకాల మడిలో దిగి, వంగి నాట్లేస్తూ అమ్మ నేర్చుకున్న పాటలు చాలా ఉండేవి. మాస్టారి భార్య అయ్యాక ఆ పాటలు బయటికి రాలేదు. చర్చిలో పాడేవి వేరు. అయితే పాస్టరమ్మగారు ఒకసారి మా పెరట్లో అమ్మ గిన్నెలు తోముతూ పాడుకుంటుంటే విని వదల్లేదు. విజయవాడ రేడియో వాళ్ళు పల్లె పాటలు పాడే ఆడవాళ్ళ కోసం చూస్తున్నారని తెలిసి, నాన్నని తనే ఒప్పించి, అమ్మని బస్సెక్కించి తీసుకెళ్ళింది. ఆవిడ అడిగితే కాదనలేక ఒప్పుకున్నాడు గానీ, నాన్నకి అందులో ఉత్సాహమేమీ లేదు. తీరా ఫలానా రోజు మధ్యాహ్నం పాట వస్తుందని కబురు వచ్చేసరికి, సందంతా చాటింది మాత్రం ఆయనే.

ఊరంతా వినాలని కాదు అమ్మ ఆశ. తను వినాలని. అక్కడ స్టేషన్లో గాజు గదిలో పాడించుకుని పంపించేశారు గానీ తిరిగి వినిపించలేదు. టేపురికార్డరు అనేది మా ఎరికలో ఎవరింట్లోనూ లేదు. రేడియోలో వచ్చినప్పుడు విన్నామా సరే, లేకపోతే పోయిందే. ఆ వారమంతా అమ్మకి పనుల్లో చేతులు తడబడ్డాయి. నాకంటే చిన్నపిల్లలా ఉంది.

ఎండాకాలం సెలవులు కాబట్టి ఆ రోజు నాన్న ఇంట్లోనే ఉన్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి చాపల మీద కూర్చున్నారు. పాస్టరమ్మగారికి కుర్చీ వేశాం. అమ్మ ఉతికిన చీర కట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వచ్చినవాళ్ళ ముందు దర్జాకి నాన్న చాలా ముందే రేడియో పెట్టేశాడు. ఏవో సినిమా పాటలు వచ్చాయి, వార్తలు వచ్చాయి. ఆ తర్వాత స్త్రీల కార్యక్రమం మొదలై ఒకావిడ ఊరగాయలు బూజు పట్టకుండా ఏం చెయ్యాలో చెబుతోంది. నాన్న గడియారం చూశాడు. రేడియో మీద చెయ్యి వేసి చూశాడు. ఆపేశాడు.

చాపల మీదున్న వాళ్ళు ఒక్కసారిగా అయ్యో అన్నారు.

"ఏవండీ, ఈ ఒక్క పూటకీ..." అంది అమ్మ. అంతకంటే అనలేకపోయింది.

"ఆ ఊరగాయ ఇప్పట్లో తెమిలేది కాదులే. కాస్త చల్లారనీ, పెడతాను" అన్నాడు నాన్న.

"ఇవాళ్టికి వదిలెయ్యండి మాస్టారుగారూ, మీకు పుణ్యముంటుంది" అని పాస్టరమ్మగారు కూడా బతిమాలింది.

"వాల్వు పోతే మళ్ళీ విజయవాడ మోసేదెవరండీ? నేనే కదా" అన్నాడు. ఆ మర ఇంకెవరూ ముట్టుకోకూడదు. ముట్టుకునే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు కూడా. అందరూ ఆ నోరు మూసుకున్న పెట్టె వంక చూస్తూ కూర్చున్నారు. నాన్న విసనకర్ర అందుకున్నాడు.

నేను ఆగలేక గుమ్మం వైపు పరిగెత్తాను. బస్టాండు ఎదురుగా టీ కొట్టులో ట్రాన్సిస్టరు మోగుతూ ఉంటుంది. అమ్మా రా అని గుమ్మం దగ్గర చెయ్యి పట్టి లాగాను. మాస్టారి భార్య వెళ్ళి టీ కొట్టు ముందు ఎలా నిలబడుతుంది? చెయ్యి విడిపించుకుని, నువ్వెళ్ళు అన్నట్టు నన్ను ముందుకు తోసింది.

నేను వెళ్ళేసరికి అమ్మ పాడుతోంది. చుట్టూ బీడీ పొగ, ఎ.కొండూరు బస్సు కోసం చూసే జనం. ఆ గొంతు ఇంట్లో గొంతు కంటే పెద్దగా ఉంది. ఎవర్నీ ఏమీ అడగాల్సిన పని లేని మనిషి పాడుతున్నట్టు ఉంది. గ్లాసులు కడిగే చప్పుడు ఆగింది.

"ఎవరోగానీ భలే పాడుతోంది" అన్నాడు కొట్టాయన.

"మా అమ్మేనండీ" అన్నాను.

"నువ్వు మాస్టారుగారి అమ్మాయివి కదూ? ఇంట్లో అంత రేడియో పెట్టుకుని ఇక్కడ వింటున్నావేంటి?"

పాట అయిపోయేదాకా నిలబడి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి రేడియో మోగుతోంది. మిర్చి ధర, పత్తి ధర చెబుతున్నారు. చాపలు చుట్టేసి ఉన్నాయి. "చూశావా, రెస్టిచ్చాక ఎంత క్లియర్‌గా వస్తోందో" అన్నాడు నాన్న నాతో. ఆయన మొహంలో తప్పు చేసిన జాడే లేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపంతోనో, కక్షతోనో ఆపి ఉంటే ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. అమ్మ పాట పోయిందన్న సంగతి ఆయనకి అసలు తట్టనే లేదు.

అమ్మ అప్పటికే చీర మార్చుకుని వంటింట్లో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"విన్నావా?"

"మొత్తం విన్నానమ్మా."

"ఎలా ఉందే?"

"అచ్చం నీ గొంతులాగే ఉందమ్మా" అన్నాను. అంతకంటే పెద్ద మెప్పు నాకు తెలియదు.

అమ్మ మళ్ళీ చేట ఒళ్ళోకి లాక్కుంది.

"నా గొంతు ఎలా ఉంటుందో నాకేం తెలుసే" అంది.