చిల్లకల్లు దగ్గర సీటు మారిన మా అక్కయ్య

మా అక్కయ్య రాజ్యలక్ష్మి గుండెపోటుతో కన్నుమూసిందన్న దుర్వార్త నందిగామలో నాకు చేరేసరికి చేటలో బియ్యం చెరుగుతున్నాను. ఆ చేట ఎక్కడ పెట్టానో ఇప్పటికీ తెలియదు. జగ్గయ్యపేటలో మొన్న జరిగిన సంతాపసభలో వక్తలందరూ ఆమెను సాధ్వీమణి అన్నారు, అన్నపూర్ణ అన్నారు. అవన్నీ నిజాలే. కాని ఆమె ఏ విద్యకోసం పుట్టిందో ఒక్కరూ ఎరగరు.

డెబ్భైల్లో తమ పత్తి జిన్నింగు మిల్లు బాగా నడిచే రోజుల్లో బావగారు మద్రాసులో ఒక ఎర్ర కారు కొన్నారు. పందాల్లో పరిగెత్తిన కారు. కొన్నారే గాని, దాని వేగమంటే ఆయనకు హడల్. ఊళ్ళో మెల్లగా తిప్పగలరు, అంతే. మిల్లు ఆవరణలో సరదాగా చక్రం పట్టిన అక్కయ్యకు మాత్రం అది జన్మాంతర బంధమేదో ఉన్నట్టు వశమైపోయింది.

నందిగామ వచ్చినప్పుడల్లా జగ్గయ్యపేటలో వాళ్ళింటికి తీసుకువెళ్ళడానికి నన్నూ ఎక్కించుకునేవారు. నందిగామ దాటి దారి ఖాళీ అయిందా, చీర కొంగు బొడ్లో దోపి దౌడు తీయించేది. పెళ్ళిపీటల మీద కూడా ఆ ముఖంలో అంత కళ లేదు. ఎడ్లబండి కనబడితే మాత్రం అల్లంత దూరాన్నే నెమ్మదించేది. "మన సరదాకి వాళ్ళ ఎడ్లు బెదరడం ఎందుకే?" అనేది.

చిల్లకల్లు రాగానే కారు ఆగిపోయేది. పేటకు మళ్ళేది అక్కడే. ఆమె దిగి ఇటు, బావగారు దిగి అటు. మిల్లు యజమాని పెళ్ళాం చేత కారు నడిపిస్తే నలుగురిలో తలెత్తుకోలేమని వాళ్ళత్తగారి శాసనం. మా అమ్మ కూడా తాన తందాన అంది. అక్కయ్య కొంగు సర్దుకుని బుద్ధిగా పక్కన కూర్చునేది.

"రెప్పపాటులో వచ్చేసారంటగా! చెయ్యంటే మీదేనండీ," అని బజారులో బావగారిని పొగిడేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవారు. వెనక సీట్లో నేనూ నవ్వేదాన్ని. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఒకసారి మద్రాసు దగ్గర కారు పందాల మైదానానికి వెళ్ళాం. ఎరిగినవాళ్ళు లేరు గనక బావగారు ధైర్యం చేసి తాళాలిచ్చారు. పెట్రోలు అయిపోయి కారు అవతలి కొసన ఆగిపోయేదాకా తిరుగుతూనే ఉంది. పరిగెత్తుకెళ్ళి చూస్తే నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళు. "ఎంత తిరిగినా ఊరు రాదేమే ఇక్కడ!" అంది. నాకది వేళాకోళంగా తోచింది.

సభలో ఆఖరి వక్త, భర్త పక్కన కూర్చుని ఆ వేగాన్ని భరించిన సహనశీలి అని ఆమెను కొనియాడారు. బావగారు లేచారు.

"ఆ కారు అంత వేగంగా నడిపింది నేను కాదండీ. నాకు రాదు. మీరు మెచ్చుకున్న చెయ్యి ఆవిడదండీ," అని కూలబడ్డారు.

అధ్యక్షులవారు కళ్ళొత్తుకున్నారు. "చూశారా! దుఃఖంలో తనకొచ్చిన పేరు కూడా ఆవిడకే ఇచ్చేస్తున్నారు. ఎంత గొప్ప మనసండీ!"

సభంతా అవునవునంది. ఆయన చెప్పింది నిజమండీ అని నేనైనా లేచి చెప్పలేదు.

అక్కయ్యా, సభలో అనలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ కారు నడిపింది నువ్వే. నీవంటి సారథి మాకిక దొరకదు. నువ్వు వెళ్ళిన దారిలో ఏ ఊరూ రాకూడదని చేతులెత్తి మొక్కుతున్నాను.