జాడీల బరువు

సత్తెనపల్లి శ్యామలాంబ కంప్యూటర్ ముందైనా కొంగు దోపుకుని, రోటి ముందు కూర్చున్నట్టే కూర్చుంటుంది. చూపుడువేలితో ఒక్కో అక్షరం పొడిచి పచ్చళ్ల పుస్తకం రాసింది, ప్రతి పచ్చడికీ జాడీ ఫొటో అతికించి. సాయంత్రంలోగా పంపకపోతే ఈ ఏడు అచ్చు వెయ్యలేమన్నారు ప్రెస్సువాళ్లు. తీరా పంపబోతే ఫైలు బరువెక్కువైందని మెయిలు మొరాయించింది. ఆవిడ అక్షరాలన్నీ చీమలంత చేసింది. అయినా కదల్లేదు.

"బరువు అక్షరాలది కాదు నానమ్మా, ఫొటోలది. కుదించనా?" అంది మనవరాలు అన్విత.

"కుదించడమంటే ఏంటే? నా గోంగూర జాడీ తీసేశావో, ఊరుకోను."

"ఏదీ తియ్యను. బుట్టెడు పండుమిరపకాయలు దంచి ఒక్క జాడీలో పట్టించవూ నువ్వు, అట్లా."

శ్యామలాంబ మూతి తిప్పి, అక్షరాలు మళ్లీ పెద్దవి చేసింది. "అయితే దంచు. ఎరుపు మాత్రం తగ్గకూడదు."

ఫైలు వెళ్లింది. ఆవిడ లేచి, పచ్చడి దంచాక కడుక్కున్నట్టే, తీరిగ్గా చేతులు కడుక్కుంది.