గుంపులో ఒక చుక్క

ఆ రోజుల్లో మా వైపు ‘వచ్చింది’ అన్న మాటకు కర్త అక్కర్లేదు. బస్సు వచ్చిందనో కరెంటు వచ్చిందనో విడమరిచి చెప్పాలి గానీ, ఉత్తగా ‘వచ్చింది’ అంటే తెలంగాణ వచ్చిందనే అర్థం. ఇంత చిన్న వ్యాకరణం తెలియక నేను జనగామ నడిబజారులో అభాసుపాలయ్యాను.

అప్పుడు నేను హైదరాబాదులో పరిశోధన చేసేవాణ్ని. (పేరు చెబితే పిల్లనిచ్చేవాళ్లు వెనక్కి తగ్గే శాస్త్రం నాది.) ఆకాశంలో అక్కడక్కడా లక్షల నక్షత్రాలు బంతిలా ఒకేచోట గుమిగూడి ఉంటాయి. ఆ గుంపులో వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే చుక్కను పట్టుకోవడం నా పని. అబ్జర్వేటరీలో తీసిన ఫొటోలను కంప్యూటర్లో ఒకదాని వెంట ఒకటి తిప్పుతూ, ఏది మినుకుమంటుందా అని కళ్లప్పగించి కూర్చోవాలి. ఉద్యమంతో హాస్టల్ మూసేశారు. పాలకుర్తి దగ్గర మా ఊళ్లో కరెంటు నిలవదని జనగామలో ఒక ఫొటో స్టూడియో పైన గది తీసుకున్నాను. తోటివాళ్లంతా రాస్తారోకోల్లో ఉన్నారు. “ఎండాకాలం దాటేలోపు ఒక్క కొత్త చుక్కయినా చూపించు, లేకపోతే వేరే దారి చూసుకో” అని మా గైడ్ సార్ తేల్చి చెప్పారు, ఆయన అన్నంత పనీ చేసే మనిషి. పలకరించే దిక్కులేక నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. కిటికీ కింద రిలే దీక్షల టెంటు. అక్కడి పాటలు, నవ్వులు వింటుంటే ఏడుపొచ్చేది. దిగిపోదామనుకుంటే సార్ గుర్తొచ్చేవారు.

స్టూడియో భాయ్ ఒక్కడే అప్పుడప్పుడు చాయ్ పట్టుకొని పైకొచ్చేవాడు.

“తమ్మీ, గివన్నీ ఒక్కతీరుగనే ఉన్నయ్ గదా, ఏం దేవులాడుతున్నవ్?”

“మారేదాని కోసం, భాయ్.”

“నా నసీబ్ గూడ గా ఫొటోలల్ల ఏడనన్న మారుతదేమో జర సూడు.”

ఒక మధ్యాహ్నం గుంపు అంచున ఉన్న చుక్క మీద అనుమానం కలిగింది. నా లెక్క నిజమైతే తర్వాతి ఫొటోలో అది మళ్లీ వెలగాలి. తెరిచాను. వెలిగింది. ఫోన్ సిగ్నల్ కిటికీ దగ్గరే అందేది కాబట్టి, సగం ఒళ్లు బయటపెట్టి సార్‌కు ఫోన్ చేసి, “వచ్చింది సార్, వచ్చింది” అని గొంతు చించుకున్నాను.

కింద పాట ఆగింది. “హైదరాబాద్ నుంచి ఫోనట, వచ్చిందట” అన్నారెవరో. వెంటనే డప్పులు. ఆకాశంలో ఆ చుక్క ఎక్కడుందో సార్‌కు చెప్పీ చెప్పకముందే నలుగురు పైకొచ్చి నన్ను భుజాలకెత్తుకొని కిందికి దించారు, గులాల్ పూశారు, నోట్లో జిలేబీ కుక్కారు. (నిరాహార దీక్షలో జిలేబీ ఎక్కడిదని నాకిప్పటికీ అనుమానం.) మనుషులు నన్ను ముట్టుకొని నెలలైంది. అందుకే నిజం చెప్పకుండా జిలేబీ నమిలాను.

దీక్షలో కూర్చున్న ఒక అవ్వ మాత్రం, “టీవీల జెప్పలే గదా బిడ్డా, నీకెవరు జెప్పిన్రు?” అనడిగింది.

“తెలంగాణ కాదవ్వా. చుక్క.”

డప్పులు ఆగిపోయాయి. అన్ని ముఖాలు ఒక్కసారిగా వాడిపోవడం నేను మళ్లీ చూడలేదు. ఒకాయన మీదికొస్తుంటే భాయ్ అడ్డం నిలబడి, “పోరడు పరేషాన్ల ఉన్నడు, ఇడిసిపెట్టున్రి” అన్నాడు. అంతలో సార్ ఫోన్. నా చుక్క నిజమేనట. కాకపోతే నేను పుట్టకముందే ఎవరో పట్టేశారట.

“ఏమైంది బిడ్డా?” అంది అవ్వ.

“నాది కూడా రాలేదవ్వా.”

“గా చుక్కలు ఒక్కకాడ ఎన్నుంటయ్?”

“లక్షలుంటాయవ్వా, గుంపుగా.”

“గవి గంత గుంపుగుంటే, నువ్వొక్కనివి మీద కూసోని ఏం జేస్తున్నవ్? రా, ఈడ కూసో” అని చాప మీద జరిగింది.

కూర్చున్నాను. సార్ అన్నంత పనీ చేశారు. ఇప్పుడు మహబూబాబాదులో పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ముఖం నిండా గులాల్‌తో, ఓడిపోయిన వాళ్ల మధ్య ఒళ్లు మరిచి పాట అందుకున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వయ్యాక, వెళ్లి వాడి పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.