రుక్మిణమ్మ తవ్విన రోడ్డు

హైదరాబాదు పాతబస్తీ హుస్సేనీ ఆలంలో రుక్మిణమ్మ నోటికి జడవని వాళ్లు లేరు. అది ఆమె తప్పు కాదు, దుకాణం ముందు పడ్డ గుంత తప్పు. కాపురానికి వచ్చిన కొత్తలో గట్టిగా మాట్లాడటమే తెలియని మనిషి ఆమె. ఆ గుంత పుణ్యమా అని మున్సిపల్ ఆఫీసులో బంట్రోతు మొదలుకొని అందరి పేర్లూ నేర్చుకుంది, అందరినీ కడిగిపారేయడమూ నేర్చుకుంది.

భర్త కైలాసానిది బెల్లం, ఉప్పు హోల్‌సేల్ వ్యాపారం. తాతల నాటి దుకాణం, దాని వెనకే ఇల్లు. తొంభైల్లో ఎవరో పైపు వేస్తామంటూ గల్లీ తవ్వి, పైపైన నాలుగు తట్టల మట్టి పోసి చేతులు దులుపుకున్నారు. వానకు ఆ మట్టి దిగబడి గుంత పడింది. బేరానికి వచ్చినవాళ్లు స్కూటర్ల మీంచి పడ్డారు. రుక్మిణమ్మ చెప్పులరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగింది. ఆమె పోరు పడలేక చివరికి రోడ్డు వేశారు. మళ్లీ గుంత, మళ్లీ తిట్లు, మళ్లీ రోడ్డు.

అసలు దగా అక్కడే ఉంది. ఎన్నిసార్లు వేసినా పాత రోడ్డు తీసింది లేదు. దాని మీదే కంకర, దాని మీదే తారు. రోడ్డు పెరుగుతూ పోయింది, దుకాణం ఎక్కడికి పెరుగుతుంది? ఒకప్పుడు మెట్లెక్కి వచ్చే బేరగాళ్లు ఇప్పుడు దుకాణంలోకి దిగి వస్తున్నారు. వాన పడితే చాలు, గల్లీ నీళ్లన్నీ తిన్నగా బెల్లం దగ్గరికే. సరుకు కరిగి మురుగు మోరీ పాలవుతుంటే చూస్తూ కూర్చోవలసి వచ్చింది.

"ఈ యేడు గూడ నీళ్లొస్తే దుకాణం అమ్మేస్త. ఇగ నాతోని గాదు" అన్నాడు కైలాసం.

ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అతను ఆ మాట అన్నాడంటే అన్నంత పనీ చేస్తాడని రుక్మిణమ్మకు తెలుసు. సరిగ్గా ఆ ఎండాకాలమే, ఆమె ఎప్పుడో చేసిన ఫిర్యాదు ఇప్పుడు గుర్తొచ్చినట్టు, గల్లీలోకి రోడ్డు రోలరు వచ్చింది. ఆమె కుర్చీ తెచ్చుకుని దానికి ఎదురుగా కూర్చుంది.

ఇంజనీరు భరద్వాజ్ గుంటూరు వైపు నుంచి వచ్చిన యువకుడు. "ఏంటండీ ఇది? రోడ్డు వెయ్యమన్నదీ మీరే, అడ్డం కూర్చున్నదీ మీరేనా?" అన్నాడు.

"ఎయ్యొద్దంటలేను నాయనా. పాతది తీసి ఎయ్యి. గిట్లనే ఏసుకుంట పోతే నీళ్లన్ని మా ఇంట్లకొస్తయి."

"తెలుసండీ. పాతది తియ్యాల్సిందే. కానీ మాకు మంజూరైంది పైన వెయ్యడానికే."

ఇన్నాళ్లూ తెలియక చేస్తున్నారనుకుంది ఆమె. పాపం, ఎవరైనా చెబితే మానేస్తారనుకుంది. "తెలిసి గూడ మమ్ముల ముంచుతున్నరా?" అంది.

గల్లీ చివర ఉండే ఆటో మైసయ్య ముందుకొచ్చాడు. "అమ్మా, జర లెవ్వు. ఈ గుంతలల్ల నా నడుం ఇరుగుతున్నది. నీ బెల్లం కోసం గల్లీ అంత సావాల్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు అతనికే తలలూపారు. అయినా ఆమె లేవలేదు. భరద్వాజ్ విసుక్కుని, ఆమె దుకాణం ముందు మాత్రం వదిలేసి మిగతా గల్లీకంతా తారు వేయించి వెళ్లిపోయాడు.

ఇక చూడండి. చుట్టూ మిట్ట, ఆమె గుమ్మం ముందు గొయ్యి. మొదటి వానకే గల్లీ నీళ్లు అందులో నిండి దుకాణంలోకి పొర్లాయి. కైలాసం తడిసిన బెల్లం బుట్టలు బయటపెట్టాడు. పెళ్లాన్ని పల్లెత్తు మాట అనకుండా, దుకాణం కొంటానన్న మనిషిని పిలుచుకురావడానికి పొద్దున్నే బయలుదేరాడు.

రుక్మిణమ్మ గడ్డపార తీసింది. కొంగు బిగించి, గల్లీకి అవతల ఉన్న మోరీలోకి నీళ్లు పోయేలా కొత్త రోడ్డును అడ్డంగా తవ్వడం మొదలుపెట్టింది. మైసయ్య ఆటో వచ్చి ఆగింది. అతను దిగగానే తిట్టడానికి ఆమె నోరు సిద్ధం చేసుకుంది. మైసయ్య దుకాణంలోకి తొంగి చూశాడు. కరిగిన బెల్లం ఎర్రగా పారుతోంది.

"ఇటియ్యమ్మా. నువ్వు తవ్వుతే దసరా దాంక తవ్వుతవ్" అని గడ్డపార లాక్కున్నాడు.

కాలువ తెగగానే నీళ్లు మోరీలోకి దూకాయి. కాసేపటికే కూలీలతో మున్సిపల్ జీపు వచ్చింది.

"ఎవరు తవ్వింది? కేసవుతుంది, తెలుసా?" అన్నాడు భరద్వాజ్.

"నేనే. రుక్మిణమ్మ అని రాసుకో. గుంత పడ్డది రండ్రా అని మొత్తుకుంటే ఏండ్లకు గాని ఒక్కడు రాలే. ఇయ్యాల నేను తవ్వితే చాయ్ చల్లారకముందే జీపేసుకొని ఉరికొచ్చిన్రు. సిగ్గు లేదా మీకు?"

అతను కాలువ పూడ్చమని కూలీలకు సైగ చేశాడు. రుక్మిణమ్మ ఆ బురద కాలువలోనే చతికిలబడింది. "కింద పైపేసి పూడ్చు. లేకుంటే నన్ను గూడ కలిపి పూడ్చు."

మైసయ్య ఆటోను రోడ్డుకు అడ్డంగా పెట్టి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. రెండు వైపులా బండ్లు ఆగి హారన్లు మోగాయి. భరద్వాజ్ వాళ్లిద్దరినీ చూశాడు, ఆగిన బండ్లను చూశాడు, చివరికి సిమెంటు పైపులకు మనిషిని పంపాడు.

అప్పుడే కైలాసం కొనేవాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బురదలో కూర్చున్న భార్యను చూసి నిలబడిపోయాడు. "లెవ్వే. పైపులు తెస్తున్నరట గద" అన్నాడు మెల్లగా.

"ఏసిందాంక లేవ. కొననీకి వచ్చినాయన్ని పంపించేసి, నువ్వు పోయి దుకాణం తెరువు" అంది రుక్మిణమ్మ.